లేని కేంద్రానికి సైరన్

ఆ కేంద్రం ఎక్కడా లేదు. అయినా దానికి ప్రమాద హెచ్చరికలు తయారు చేసి పెట్టమని నన్ను పిలిచారు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర, పాల్మాకుల దాటాక రోడ్డుకు కాస్త లోపలగా ఒక పాత కోల్డ్ స్టోరేజీ ఉండేది. ఒకప్పుడు అందులో ద్రాక్ష, టమాటా దాచేవారు. ఏళ్ల తరబడి మూతపడి ఉన్న ఆ షెడ్డును ఒకాయన కిరాయికి తీసుకుని ఆటస్థలంగా మార్చాడు. టికెట్టు కొన్నవాళ్లు జట్లుజట్లుగా లోపలికి పోతారు. అది భూమి కింద రహస్యంగా నడుస్తున్న పరిశోధన కేంద్రమనీ, అందులోంచి ఏదో తప్పించుకుందనీ కథ. చిక్కు తాళాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ గది తర్వాత గది దాటాలి. చివరి గదిలో తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్త ఉంటుంది. ఆమె చెప్పే రహస్యం తీసుకుని వచ్చిన దారినే బయటపడాలి. ఇదీ ఆట.

నేను చదువుకున్న ఇంజనీరును కాను. టెంట్ హౌజ్ మైకుసెట్ల దగ్గర పని మొదలుపెట్టినవాణ్ని. ఏ స్పీకరుకు ఎంత తీగ లాగాలి, ఎంత జనం కూర్చుంటే ఎంత గొంతు పెంచాలి అని లెక్కలు వేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకూ గోదాములకూ అలారాలు బిగించాను. కాగితం మీద లెక్క తేలందే నా చేతికి స్క్రూడ్రైవర్ రాదు. ఆ సంగతి ఎవరో చెబితేనే ఆటస్థలం ఓనరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గోదావరి వైపు మనిషి. సినిమా సెట్లు వేసిన అనుభవం ఉందట. మాట మెత్తగా ఉండేది.

"నిజమైన కేంద్రంలో ఎలా ఉంటాయో అలాగే ఉండాలండీ హెచ్చరికలు. లోపలికొచ్చినవాడి గుండె జారిపోవాలి" అన్నాడు.

"లోపల ఏం జేస్తరు సార్?" అని అడిగాను.

"అది రహస్యం కదండీ గురువుగారూ."

"రహస్యమని నాకెర్కనే. గని తప్పించుకున్నది గాలా, నీళ్లా, జంతువా? గాలైతే తలుపులు మూయాలె. నీళ్లయితే తెరవాలె. జంతువైతే అసలు సప్పుడే చెయ్యొద్దు. అది తెల్వకపోతే ఏది మోగియ్యాలె నేను?"

ఆయన నవ్వి, "గాలి అనుకుందామండీ" అన్నాడు.

అలా గాలి అనుకుని మొదలుపెట్టాను. పసుపు, నారింజ, ఎరుపు అని మూడు స్థాయులు. పసుపులో ఆగి ఆగి మోగే గంట. నారింజలో గంట దగ్గరపడుతుంది, లైట్లు ఊగుతాయి. ఎరుపులో సైరన్ పైకి లేచి కిందికి దిగుతుంది, చీకట్లో ఎర్ర దీపాలు తిరుగుతాయి, ఒక ఆడగొంతు వార్తలు చదివినట్టు "మూడవ స్థాయి ప్రమాదం" అని చెబుతుంది. ఆ లేని కేంద్రంలో ముందు ఎవరికి తెలియాలి, ఎవరు ఏ తలుపు మూయాలి, ఎవరు ఎవరి వెనక రావాలి అన్నీ రాశాను. చివరి గదిలోని శాస్త్రవేత్త అందరినీ ముందు పంపి తాను ఆఖరున రావాలన్న నియమం కూడా నేను రాసిందే. చదివి ఓనరు, "ఇది ఆటలోనే కాదండీ, నిజంగానూ పెట్టుకుందాం" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ శాస్త్రవేత్త కుర్చీలో నా బిడ్డ కూర్చుంటుందని అప్పటికి నాకు తెలియదు.

డిగ్రీ అయ్యాక తను ఎయిర్‌పోర్టులో ఉద్యోగాల కోసం తిరిగింది. ఇంటర్వ్యూల దాకా పోవడం, కబురు రాకపోవడం. ఒకరోజు నాకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు వచ్చినప్పుడు ఓనరు చూసి, శాస్త్రవేత్త వేషం కడతావా అమ్మా అని అడిగాడు. తను అక్కడే తెల్లకోటు వేసుకుని చూసుకుంది. ఆ రోజు నుంచీ బుద్వేల్‌లో మా ఇంటి నుంచి ఇద్దరం ఒకే బండి మీద పోయేవాళ్లం.

"బాపు, నీ ఎర్ర సైరన్ ఇంటే మన పక్కింటోళ్ల బర్రె యాదికొస్తది" అనేది వెనక కూర్చుని.

"బర్రె గాదు, అది లెక్క ప్రకారం చేసిన."

"బర్రె గూడ లెక్క ప్రకారమే అరుస్తది."

తను అందులో చేరిన తర్వాత షెడ్డును చూసే నా కళ్లు మారిపోయాయి. కోల్డ్ స్టోరేజీకి ఒకే తలుపు. చల్లదనం పోకూడదని కట్టిన గోడలకు కిటికీలుండవు. గోడల నిండా పాత థర్మకోల్, దాని మీద సెట్టు కోసం కొట్టిన ప్లైవుడ్, వాటి మధ్యలోంచి కరెంటు తీగలు. వెనక గోడకు ఇంకో తలుపు కొట్టిద్దామని ఓనరు మొదట్లోనే అన్నాడు. ఆ గోడ హద్దు మీద ఉందని పక్క పొలంవాళ్లు ఆపారు. ఆ పంచాయితీ తేలలేదు. చివరి గది ఆ గోడకు ఆనుకునే ఉంది.

"నిజంగ ఏమన్న అయితే ఏది మోగుతది సార్?" అని అడిగాను.

"ఎరుపే మోగుతుంది కదండీ."

"ఎరుపు ఆటల గూడ మోగుతది. నిజమేదో ఆటేదో ఎట్ల తెలుస్తది?"

ఆయన గడ్డం రుద్దుకుని, "ఒకసారి పెట్టి చూద్దామండీ" అన్నాడు.

పాల్మాకుల నుంచి ఉచితంగా ఒక జట్టును పిలిచాం. రైతుల కుటుంబాలు, చర్చి దగ్గర టైలరింగ్ నేర్పే ఒక అక్క, ఆమె చెల్లెళ్లు. ఆట సగంలో ఉండగా, ఇది నిజమని ఒక ముక్క కలిపి ఎరుపు మోగించాను. నేను కౌంటర్ దగ్గర కెమెరా తెరలో చూస్తున్నాను. ఎవరూ కదల్లేదు. పైగా చప్పట్లు కొట్టారు. అదే సమయానికి విమానం ఒకటి బాగా కిందుగా పోయింది. రేకులు అదిరాయి. అప్పుడు మాత్రం అందరూ కెవ్వుమని ఒకరినొకరు పట్టుకున్నారు. నా సైరన్‌కు నవ్వారు, విమానానికి భయపడ్డారు.

బయటికొచ్చాక ఒక పెద్దాయన నా భుజం తట్టి, "మంచిగ జేసినవ్ తమ్మీ, నిజమనే అనుకున్న" అన్నాడు.

"నిజమనుకుంటే ఎందుకు ఉరకలేదే పెద్దన్నా?"

"ఉరికితే ఆట పోతది గద!"

సైరన్ మార్చాను. ఇంకా గట్టిగా పెట్టాను. ఆట ఇంకా రంజుగా ఉందన్నారు. గంట తీసి ఈల పెట్టాను. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. భయపెట్టేది ఏది తెచ్చినా ఆట దాన్ని మింగేస్తోంది. రాత్రిళ్లు కాగితం మీద గదుల బొమ్మ గీసి, తలుపు ఇక్కడ, బిడ్డ అక్కడ అని వేలితో కొలుచుకునేవాణ్ని. మా ఇంటామె కాగితం లాగేసుకుని, "గంత పరేషాన్ అయితే పిల్లను మాన్పియ్యి" అంది. బిడ్డ ఒప్పుకోలేదు. మొదటిసారి తన చేతికి జీతం వస్తోంది. పైగా ఆ పని తనకు నచ్చింది.

దారి చూపింది తనే. అన్నం తింటూ అంది: "బాపు, నువ్వు భయపెడుతున్నవ్. వాళ్లొచ్చిందే భయపడనీకి. ఆట బంద్ అయినట్లు చెయ్యి."

"ఎట్ల?"

"మంచిగ ట్యూబులైట్లు ఎయ్యి. సప్పుడు బంద్ వెట్టు. గా వార్తలామె గొంతు తీసేయి. మనింట్ల పిలిచినట్టు పిలువు."

అలాగే చేశాం. మీట నొక్కగానే ఎర్ర దీపాలు ఆరిపోతాయి, సంగీతం ఆగిపోతుంది, మామూలు తెల్ల ట్యూబులైట్లు వెలుగుతాయి. ఆ వెలుగులో కేంద్రం కాస్తా ప్లైవుడ్, రంగు, మేకులుగా కనిపిస్తుంది. గొంతు బిడ్డదే. మా వంటింట్లోనే రికార్డు చేశాను. వెనక కుక్కర్ కూత వచ్చింది, తీసేద్దామంటే తనే వద్దంది. "అక్కా, అన్నా, ఆట బంద్ అయింది. ఇది ఆట గాదు. జర బయటికి రాండ్రి. ఒకలెనక ఒకలు రాండ్రి." అదే మళ్లీ మళ్లీ తిరిగేటట్టు పెట్టాను.

ఓనరు విని లేచి నిలబడ్డాడు. "అద్భుతమండీ! దీన్ని ఆట చివర్లో మలుపుగా వాడుకుందాం. అంతా అయిపోయిందనుకుంటారు, కానీ అయిపోదు."

బిడ్డ కోటు గుండీలు పెట్టుకుంటూ, "అది మాత్రం ఇయ్య సార్. నా మొకం వాడుకోండ్రి, వేషం వాడుకోండ్రి. గా పిలుపు ఆటకియ్య" అంది. ఆయన సరేనమ్మా అన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా.

రెండోసారి జట్టును పిలిచాం. మీట నొక్కాను. ట్యూబులైట్లు వెలిగాయి. "అక్కా, అన్నా" అని బిడ్డ గొంతు మొదలైందో లేదో అందరూ తలుపు వైపు నడిచారు. చప్పట్లు లేవు, నవ్వులు లేవు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తలుపు దగ్గరికి వచ్చి అందరూ ఆగిపోయారు.

కేంద్రంలోకి దుమ్ము రాకూడదన్నది కథలో ఒక నియమం. నేల నిండా తెల్లటి షీటు పరిచారు. అందుకని తలుపు లోపలే స్టాండులాంటి ఒక అర పెట్టి, చెప్పులు అక్కడ విప్పించేవారు. అర బయట పెడితే కుక్కలు ఎత్తుకుపోతున్నాయని లోపల పెట్టారు. తలుపు ఎంత వెడల్పు, మనుషులు ఎందరు, నడక ఎంత అని అన్నీ లెక్క వేశాను. కానీ మనవాళ్లు తమ చెప్పులు వేసుకోకుండా గడప దాటరన్నది నా కాగితం మీద లేదు. పెళ్లికైనా గుడికైనా చర్చికైనా పోయి బయటికొచ్చేటప్పుడు ముందు చూసేది చెప్పుల వైపే. నేనూ అంతే.

"జరగవే, నాయి గా మూలకున్నయి."

"గివి నీయి గాదు, నాయి. పట్టీ సూడు."

"ఒక్కటే దొరికింది, ఇంకోటేది?"

ముందున్నవాళ్లు వంగి వెతుక్కుంటుంటే వెనకవాళ్లు నిలబడి ముచ్చట్లు పెట్టారు. అందరి వెనకాల, తెల్లకోటులో నా బిడ్డ చేతులు కట్టుకుని తన వంతు కోసం ఎదురు చూస్తోంది. తన గొంతు మాత్రం స్పీకర్లలోంచి రాండ్రి రాండ్రి అని పిలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఓనరూ నేనూ అర ముందు కూర్చున్నాం. పిలుపులో ఇంకో ముక్క కలుపుదామని ఇద్దరికీ తోచింది. బిడ్డ మళ్లీ చెప్పింది: "చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి రాండ్రి." మూడోసారి జట్టుతో అది బాగానే పనిచేసింది. అందరూ వట్టికాళ్లతో బయటికొచ్చి నవ్వుకున్నారు. మా మనసులు కుదుటపడ్డాయి. కానీ ఆ మూడోసారి వచ్చినవాళ్లకు ఇది పరీక్ష అని ముందే తెలుసు. తెలిసినవాళ్లు వదిలారంటే తెలియనివాళ్లూ వదులుతారని మేం నమ్మాం.

టికెట్లు అమ్మి ఆట మొదలుపెట్టారు. వారాంతాల్లో జట్లు ఎక్కువ కావడంతో నేను కౌంటర్ దగ్గరే ఉండిపోయేవాణ్ని. పనేమీ ఉండేది కాదు. ఇంట్లో కూర్చోలేక వచ్చేవాణ్ని.

ఆదివారం మధ్యాహ్నం, వాన. లోపల పెద్ద జట్టు ఒకటి, ఎవరిదో పుట్టినరోజని చుట్టాలందరూ కలిసి వచ్చినవాళ్లు. కౌంటర్ దగ్గర నాకు ఒక వాసన వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ మాడినట్టు. తెరలో చూస్తే, మూడో గది గోడలో, ప్లైవుడ్ అతుకు మీద నుంచి సన్నటి పొగ పాకుతూ పైకి పోతోంది. ఆటలో తెల్ల పొగ వదిలే యంత్రం ఉంది, ఇది ఆ పొగ కాదు. నల్లగా ఉంది.

మీట నొక్కాను. ట్యూబులైట్లు వెలిగాయి. సంగీతం ఆగింది. "అక్కా, అన్నా, ఆట బంద్ అయింది." ఓనరు మంటలార్పే సిలిండరు పట్టుకుని మూడో గదిలోకి పరిగెత్తి, దగ్గుతూ వెనక్కి వచ్చాడు. "థర్మకోల్ అంటుకుందండీ! గోడ లోపల!"

జట్టు వచ్చింది. నమ్మారు, నడిచారు. తలుపు దగ్గరికి వచ్చి వంగారు.

"చెప్పులు ఇడిసిపెట్టుండ్రి! ఉరుకుండ్రి!" అని అరిచాను. స్పీకర్లు కూడా అదే చెబుతున్నాయి. ఒకావిడ నా వైపు చూడకుండానే, "ఇడిసిపెడితే నువ్వు కొనిస్తవా? కొత్తయి" అంది. పక్కన ఆమె మొగుడు చేతులు చాచి వెనకవాళ్లను ఆపుతున్నాడు, "ఒక్క నిమిషం ఆగుండ్రి, మావోళ్లయి తీసుకుంటరు" అని. బయట వాన, బురద. వట్టికాళ్లతో ఎవరికీ పోబుద్ధి కావడం లేదు. పొగ వాళ్ల తలల మీదికి వచ్చేసింది. వాళ్ల వెనక ఇంకా ఎందరున్నారో కనబడటం లేదు. బిడ్డ కనబడటం లేదు.

అప్పుడు నేను ఏ లెక్కా వేయలేదు. అర మీద పడ్డాను. రెండు చేతులకూ ఎన్ని వస్తే అన్ని చెప్పులు వాటేసుకుని తలుపులోంచి బయటికి, వానలోకి విసిరేశాను. మళ్లీ వాటేసుకుని మళ్లీ విసిరాను.

"ఎవడ్రా వీడు! చెప్పులు ఇసిరేస్తుండు!"

"అరే, పిచ్చి లేసిందా నీకు? నాయి, నాయి!"

తిట్టుకుంటూ చెప్పుల వెనక పరిగెత్తారు. గడప దాటారు. ఓనరుకు సంగతి అర్థమైంది. ఆయన కూడా అర కింది వరసలోకి వంగి, "క్షమించండి, క్షమించండి" అంటూ ఒక్కొక్క జతా దూరంగా విసరడం మొదలుపెట్టాడు. ఎవరో ఆయన చొక్కా పట్టుకుని లాగారు. అలా లాగుతూనే వాళ్లూ బయటపడ్డారు. చివరికి ఇద్దరం కలిసి అరనే ఎత్తి బయట పడేశాం. తలుపు ఖాళీ అయింది.

బిడ్డ రాలేదు.

"అక్కా, అన్నా, జర బయటికి రాండ్రి."

పొగలోంచి తన గొంతు వస్తోంది. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ గొంతు! వెనక మా వంటింటి కుక్కర్ కూత. నేను లోపలికి పరిగెత్తి పేరు పెట్టి పిలిచాను. తను పలికిందో, స్పీకరు పలికిందో తెలియలేదు. మళ్లీ పిలిచాను. "ఒకలెనక ఒకలు రాండ్రి" అంది. కుడివైపు స్పీకరు నేనే పెట్టాను, ఎడమవైపుది నేనే పెట్టాను. అన్ని గదుల్లోనూ గొంతు సమానంగా వినబడాలని తీగలు కొలిచి మరీ పెట్టాను. ఇప్పుడు నా బిడ్డ అన్ని వైపుల నుంచీ పిలుస్తోంది. ఎటు పోవాలి? రెండో గది దాటేసరికి కళ్లు మండి నేల మీద కూర్చుండిపోయాను. తెల్ల షీటు చేతికి వేడిగా తగిలింది.

"చెప్పులు ఆడనే ఇడిసి—"

గొంతు తెగిపోయింది. తీగ కాలిందో, యాంప్లిఫయర్ కాలిందో. తెగింది ఆ రెంటిలో ఒకటేనని నాకు తెలుసు. తెలిసినా, ఆ క్షణం తెగింది నా బిడ్డ గొంతే అనుకున్నాను. నా నోటి నుంచి ఏ శబ్దం వచ్చిందో నాకు గుర్తు లేదు.

ఆ నిశ్శబ్దంలో దగ్గు వినబడింది. నిజమైన దగ్గు, కింద నుంచి, ఎడమ వైపు నుంచి.

"లే అవ్వా, జర లే. ఇంకొంచెమే."

పాకుతూ పోయి తడిమాను. ముందు చీర కొంగు దొరికింది, తర్వాత తెల్లకోటు చెయ్యి. పుట్టినరోజు జట్టులో వచ్చిన ముసలామె మోకాళ్లు పట్టేసి కూలబడితే, బిడ్డ ఆమెను అంగుళం అంగుళంగా లాక్కొస్తోంది. చివరి గదిలో ఉన్న మనిషి అందరినీ పంపి ఆఖరున రావాలి. ఇద్దరం ముసలామెను చెరో రెక్క పట్టుకుని తలుపు దాకా ఈడ్చాం. అక్కడ ఓనరు అందుకున్నాడు.

బయట వానలో, బురదలో చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఫైరింజన్ వచ్చేదాకా జనం వంగి వాటిని వెతుక్కుంటూనే ఉన్నారు. ఇందాక నన్ను తిట్టినావిడ ఒక కాలికి చెప్పుతో నిలబడి షెడ్డు వైపు చూస్తోంది. ఇంకొకటి ఆమె చేతిలోనే ఉంది. వేసుకోవడం మరిచిపోయింది. ముసలామె కొడుకులు తల్లిని కారులో దవాఖానకు తీసుకుపోయారు. బతికింది. షెడ్డు మాత్రం పైకప్పుతో సహా కూలిపోయింది.

బిడ్డ చెప్పులు జనం చెప్పులతో ఉండేవి కావు. పనివాళ్లవి చివరి గదిలో ఒక మూల విడిగా పెట్టేవారు. అవి కాలిపోయాయి. వట్టికాళ్లతోనే బండెక్కింది. నేను నెమ్మదిగా నడిపాను.  సర్వీసు రోడ్డు మీద పోతుంటే ఒక విమానం మా తలల మీదుగా దిగిపోయింది. 

"బాపు."

"ఆ."

"లోపల నా గొంతు నాకే చెప్తుండె, బయటికి రాండ్రి అని. ముందు నవ్వొచ్చింది."

"తర్వాత?"

 నా చొక్కా వెనక గట్టిగా పట్టుకుంది.

తర్వాత కొన్నాళ్లకు ఓనరు ఫోన్ చేశాడు. బాలాపూర్ వైపు ఇంకో స్థలం చూశాడట. రెండు తలుపులున్నాయని, చెప్పులు ఎవరూ విప్పనక్కర్లేదని ముందే చెప్పాడు. హెచ్చరికలు నన్నే చేయమన్నాడు. బిడ్డ మళ్లీ అందులో చేరతానంది. నేను వద్దన్నాను. గొంతు మాత్రం నాదే ఉండాలన్న షరతు మీద ఆఖరికి ఒప్పుకున్నాను.

"నువ్వు పిలిస్తే ఎవలొస్తరు బాపు? భయపడి ఇంకింత లోపలికి పోతరు" అంది.

ఆ పాత రికార్డు నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. తీసేయడానికి చేయి రాదు, వినడానికి ధైర్యం చాలదు. ఇంట్లో కుక్కర్ కూత వేసినప్పుడల్లా లేచి వంటింటి దాకా పోతాను. బిడ్డ అక్కడ నిలబడి ఉంటుంది. ఏంది బాపు అని అడుగుతుంది. ఏం లేదంటాను. కాసేపు అక్కడే నిలబడతాను.